నేను గుర్రంగా పాల్గొన్న కచేరీ

మంగళం పాట మొదలవగానే లోకమంతా చెప్పుల వైపు చూస్తుంది. నేను గేటు వైపు చూస్తాను. ఇది జబ్బు కాదు, అలవాటు. రెంటికీ తేడా ఏమిటని మా ఇంట్లో వాళ్ళు అప్పుడప్పుడూ అడుగుతుంటారు.

మొన్న పులివెందులలో ఒక పెండ్లికి వెళ్ళాను. మండపం బ్రహ్మాండంగా ఉంది. ఏసీ ఎంత ధారాళంగా పెట్టారంటే శాలువా కప్పుకొని భోంచేశాను. సాయంత్రం పెండ్లికొడుకు తరఫు పెద్దావిడ ఒకామె మైకు దగ్గరికి వెళ్ళి, ఎవరూ అడక్కుండానే మంగళహారతి అందుకుంది. మంచి గొంతు. మొదటి చరణానికి సగం కుర్చీలు ఖాళీ అయ్యాయి, రెండో చరణానికి బీడాల దగ్గర తోపులాట మొదలైంది. ఆమె కళ్ళు మూసుకొని పాడుతోంది కాబట్టి ఆ సంగతి ఆమెకు తెలియదు. నేను మాత్రం తలుపు వైపు చూస్తూ కూర్చున్నాను.

"ఎవురి కోసం చూస్తాండావవ్వా?" అంది పక్కనున్న నా మనవరాలు.

"సైన్యం కోసం."

అది తల దించుకొని మళ్ళీ ఫోను చూసుకుంది. నా మాటలకు మా ఇంట్లో మామూలుగా జరిగే మర్యాద అదే. కానీ నేను అబద్ధం చెప్పలేదు. ఇట్లాగే ఒక మంగళం నడుమ ఒకసారి సైన్యం నిజంగానే వచ్చింది. అందులో నేను గుర్రాన్ని.

మాది ప్రొద్దుటూరు. కింద బట్టల అంగడి, వెనక ఇల్లు, పైన మిద్దెలో సరుకు గది. నాన్న వాళ్ళ నాన్నను జేజినాయన అనీ, వాళ్ళ అమ్మను జేజి అనీ పిలిచేవాళ్ళం. జేజినాయన అంగడికి యజమాని, దసరా ఉత్సవాల కమిటీకి పెద్ద. జేజి జేజినాయనకు పెద్ద. ఈ రెండో సంగతి కమిటీకి తెలియదు.

దసరా చేయడంలో మా ఊరి తర్వాతే ఏ ఊరైనా అని మా నమ్మకం. మైసూరు వాళ్ళు కూడా ఏదో చేసుకుంటారని విన్నాం. ఆ రోజుల్లో ఊరంతా కర్పూరం, చామంతులు, శెనగ గుగ్గిళ్ళ తాలింపు కలిసిపోయి ఒకే వాసన వేసేది. అంగడిలో మాత్రం ఏడాది పొడుగునా ఒకటే వాసన: కొత్త బట్ట గంజి, గోనెపట్టా, కలరా ఉండలు. ఇప్పటికీ గంజి వాసన పోని కొత్త పంచె ఎవరైనా మడత విప్పితే నాకు ముందు పాట వినిపిస్తుంది, తర్వాత పంచె కనిపిస్తుంది. దానికి కారణం అయ్యవారు.

అయ్యవారు మాకు హైస్కూల్లో తెలుగు చెప్పేవారు. బాగా సన్నం. ఎదురుగాలి వీస్తే ఆయన సైకిలు తొక్కుతున్నారో, సైకిలు ఆయన్ని మోస్తోందో తెలిసేది కాదు. ఆదివారం వస్తే జమ్మలమడుగు బస్సెక్కి, అక్కణ్ణుంచి గండికోట చుట్టుపక్కల పల్లెలన్నీ తిరిగేవారు. అరుగుల మీద ముసలివాళ్ళ పక్కన చేరి, కోట గురించి వాళ్ళ తాతలు ఏం చెప్పారని అడిగేవారు. ఎవరూ దొరకని రోజు నేరుగా కోటకే వెళ్ళి గోడ మీద చెయ్యి పెట్టుకొని కూర్చునేవారట. రాళ్ళతో మాట్లాడతాడని ఆ వైపు వాళ్ళు చెప్పుకునేవారు. రాళ్ళు ఏమన్నాయని మాత్రం ఎవరూ అడగలేదు.

ఇట్లా ఏళ్ళ తరబడి తిరిగి ఆయన ఒక బృందగానం రాశారు. పెన్న లోయ అంచున కోట కట్టడం, ఆడవాళ్ళు బావుల్లో నీళ్ళు తోడటం, శత్రువులు వచ్చి చుట్టుముట్టడం, మగవాళ్ళు యుద్ధానికి వెళ్ళడం, కోట పడిపోవడం, అంతా పాటలే. అందులో ఒక్క రాజు పేరు కూడా లేదు. ఎందుకు లేదని ఎవరో అడిగితే, "రాజుల పేర్లు శాసనాల మీద ఉండాయి కదా, వాళ్ళకేం కొదవ? ఇది నీళ్ళు మోసినవాళ్ళ పాట" అన్నారు.

అంతా ఉంది, పాడటానికి చోటు లేదు. జమ్మలమడుగులో అడిగితే కాదన్నారు. పులివెందులలో అడిగితే చూద్దామన్నారు. మా వైపు రెండింటికీ ఒకటే అర్థం. చివరికి మా అంగడి మెట్లెక్కారు. నేనప్పుడు గల్లాపెట్టె పక్కన కూర్చొని బొరుగులు తింటున్నాను.

"శెట్టిగారూ, దసరాల్లో ఒక సాయంత్రం ఇప్పించండి."

"ఏం జేస్తారు అయ్యవారూ సాయంత్రంతో?" అన్నాడు జేజినాయన.

"పాడతాం."

"ఎవురు?"

"అందరం. మీ గుమాస్తా, బ్యాంకు క్లర్కు, గుడి పూజారి, నగల పని చేసే అన్నదమ్ములు, స్కూలు టీచరమ్మలు. పాడతామన్న వాళ్ళందరం."

జేజినాయన చేతిలోని గజంబద్ద పక్కన పెట్టాడు. ఆయన గజంబద్ద పక్కన పెట్టడం మేం అరుదుగా చూసేవాళ్ళం.

"అందరూ పాడితే వినేదెవురు సామీ?"

దానికి అయ్యవారు చేతులు జోడించి నవ్వారు. ఆ నవ్వులో ఎన్ని ఆదివారాలున్నాయో జేజినాయనకు కూడా తెలుసనుకుంటాను. కొంచెంసేపు పంకా వైపు చూసి తీర్పు చెప్పాడు. "కడప నుంచి ఆర్కెస్ట్రా వస్తాంది ఒగ దినం. వాళ్ళకు ముందర మీరు పాడుకోండి. జనం కూర్చున్నంతసేపూ స్టేజీ మీదే. జనం లేచినారంటే ఆర్కెస్ట్రా ఎక్కుతాది. ఇంగ మళ్ళా ఏ దసరాకీ నన్ను అడగొద్దు."

"ఆఖరిదాకా కూర్చుంటే?"

"కూర్చుంటే యాడాదీ యాడాదీ పాడుకోండి. నాకేంది."

అయ్యవారు ఒప్పుకున్నారు. ఇంకో ఊరు మిగిలి ఉంటే బేరమాడేవారేమో.

అప్పుడు ఇంటికీ అంగడికీ మధ్య వేలాడే తెర వెనక నుంచి జేజి గొంతు వినిపించింది. "నేనూ పాడతా అయ్యవారూ."

జేజినాయన తెర వైపు తిరిగాడు. "నువ్వు పాడేదేంది మ్మే?"

"పెండ్లైనప్పట్నుంచీ పొద్దన్నే హారతి పాడతాండా. నీకు ఇనపళ్ళేదా?"

"నేను రేడియో అనుకుంటి."

ఇది తిట్టో పొగడ్తో జేజి తేల్చుకునేలోపు ఆయన గజంబద్ద తీసుకొని ఎవరికో పంచెలు కొలవడం మొదలుపెట్టాడు. జేజి పాడొచ్చని దానర్థం. ఆ అర్థం చెప్పింది కూడా జేజే.

సాధన మా సరుకు గదిలో. అంగడి మూసిన తర్వాత అందరూ మిద్దెక్కి, బట్టల బేళ్ళ మధ్య ఎక్కడ సందు దొరికితే అక్కడ నిలబడేవాళ్ళు. అందులో ఒక ఇబ్బంది ఉండేది. బేళ్ళు పాటను తినేసేవి. ఇక్కడ మనిషి గొంతు చించుకుంటే రెండు బేళ్ళ అవతల మనిషికి గుసగుస వినిపించేది. మొదటి రోజు బ్యాంకు క్లర్కు తానొక్కడే పాడుతున్నానని భయపడి ఆపేశాడు. పక్కన అందరూ పాడుతూనే ఉన్నారు.

"ఈ బేళ్ళు తినంగా మిగిలిందే మన పాట. ఇంకొంచెం వడ్డించండి" అనేవారు అయ్యవారు.

వాళ్ళు వడ్డించారు. దినదినానికీ గొంతులు పెరిగాయి. జేజి మిరియాలు, శొంఠి, బెల్లం వేసి కషాయం కాచేది. ఆ ఘాటుకు గొంతు బాగుపడేదో, మళ్ళీ తాగాల్సి వస్తుందనే భయానికి బాగుపడేదో తెలియదు. సందు మొదట్లో కారందోశెలు పోసే అవ్వ దగ్గర్నుంచి ఆకుల్లో దోశెలు వచ్చేవి. ఎర్రకారం, పప్పులపొడి, పైన నెయ్యి. ఆ చేతులతో బేళ్ళు ముట్టుకోకూడదని జేజినాయన ఆజ్ఞ. ఆ ఏడు మా అంగడిలో అమ్మిన కొన్ని తెల్లపంచెల్లో ఎర్రటి వేలిముద్రలున్నాయని ఎవరైనా అంటే నేను నమ్మను.

నేను కూడా పాడతానని పోయాను. అయ్యవారు నన్ను ఎదురుగా నిలబెట్టి ఒక చరణం పాడించుకున్నారు. పూర్తిగా విన్నారు. మొహంలో ఎక్కడా బాధ కనిపించనీయలేదు. ఆ తర్వాత ఆయనంత ఓపికగా నన్ను విన్నవాళ్ళు లేరు గనుక ఆ పని ఎంత గొప్పదో నాకు ఇప్పుడు తెలుస్తోంది.

"అమ్మా, మనకు గుర్రాలు కావాల. నాలుకతో టకటకమనిపిస్తావా?"

అనిపించాను.

"అబ్బా! ఇది మేలుజాతి గుర్రం" అన్నారు.

అప్పట్నుంచి నన్నెవరూ పాడమనలేదు. పాడలేని పిల్లలు ఇంకొందరు తేలారు. అందర్నీ ఒక గుర్రాల దండు చేశారు. మేం బేళ్ళ మీద స్వారీ చేస్తూ సాధన చేసేవాళ్ళం. గుమాస్తా కొడుకు మాత్రం తాను సకిలిస్తానని పట్టుబట్టి, ఆడవాళ్ళు నీళ్ళు తోడే పాటలో సకిలించేవాడు. కోటలో కూడా గుర్రాలుంటాయి కదా అని అయ్యవారు ఊరుకున్నారు.

గుర్రాలున్నాయి, సైన్యం లేదు. అదే పెద్ద చిక్కు. ప్రొద్దుటూరులో పాడేవాళ్ళెవ్వరూ శత్రువులుగా పాడేది లేదన్నారు. ఊళ్ళో వ్యాపారం చేసుకోవాలి కదా, శత్రువని పేరొస్తే ఎట్లా అని నగల అన్నదమ్ములు. తాను పూజారినని పూజారి. అయ్యవారు జమ్మలమడుగు వెళ్ళి ఒక భజన బృందాన్ని పట్టుకొచ్చారు. వాళ్ళ పెద్ద బస్సు కండక్టరు. జమ్మలమడుగు నుంచి ప్రొద్దుటూరుకు నడిచే బస్సులో రోజూ ఉండేవాడు. అటువంటి గొంతు నేను మళ్ళీ వినలేదు. ఆయన మిద్దెక్కి "ఏమప్పా, అందరూ బాగుండారా?" అంటే బేళ్ళు కూడా ఓడిపోయాయి.

విషయం విని ఆ కండక్టరు లేచి నిలబడ్డాడు. "కోట ఏ ఊరిది అయ్యవారూ?"

"మీ జమ్మలమడుగుదే."

"మా కోటను మేమే పోయి ముట్టడి జేసేదేంది? ప్రొద్దుటూరోళ్ళు లోపల కూచ్చోని, మేం బయట నిలబడల్లనా? మా ఊళ్ళో తలెత్తుకొని తిరిగేదెట్ల?"

"కోట బాగా తెలిసినవాళ్ళు మీరే కదప్పా. తెలియనివాళ్ళు ముట్టడిస్తే ఏం బాగుంటుంది?"

కండక్టరు మెత్తబడలేదు గానీ కూర్చున్నాడు. చాలాసేపు మీసం సవరించుకొని ఒక షరతు పెట్టాడు. "సరే. శత్రువులమే. కానీ పాట మాత్రం లోపలోళ్ళ పాట కంటే మాది బాగుండల్ల."

ఇంకెవరైనా అయితే సరే సరేనని ఊరికే ఒప్పుకునేవారు. అయ్యవారు దాన్ని నిజంగానే మనసులో పెట్టుకున్నారు. వారం తర్వాత పాట తెచ్చారు. ముట్టడించిన సైనికులు చీకట్లో ఏటి ఒడ్డున పడుకొని కోటలో వెలిగే దీపాన్ని చూస్తూ పాడుకునే పాట.

"కోట లోపలి దీపమా, మా ఇంటి దీపమల్లే ఉన్నావే,
ఏటికివతల మేమున్నాము, ఎవరి కోసం వెలిగేవే."

నగల అన్నదమ్ముల్లో చిన్నాయన, ఇప్పుడు శత్రువుగా చేరొచ్చా అని మెల్లగా అడిగాడు.

"శత్రువుకింత మంచి పాట ఇస్తారా సామీ?" అంది జేజి.

"వాడు కూడా ఇంటికి పోవాల్సినవాడే కదమ్మా" అన్నారు అయ్యవారు.

నేను తర్వాత కాలేజీలో చరిత్ర చదివాను. యుద్ధాల కారణాలు, ఫలితాలు రాసి మార్కులు తెచ్చుకున్నాను. ఈ ఒక్క ముక్క ఏ పుస్తకంలోనూ కనిపించలేదు.

కండక్టరు ఆ పాటను బస్సులో సాధన చేశాడు. జమ్మలమడుగులో మొదలుపెడితే ప్రొద్దుటూరు స్టాండు దాకా అదే. పాలక్యాన్ల వాళ్ళు, కాలేజీ పిల్లలు, పత్తి బేరగాళ్ళు, ఆసుపత్రికి వచ్చే వాళ్ళు, అందరికీ పల్లవి వచ్చేసింది, ఇష్టమున్నా లేకున్నా. టికెట్టుకు చిల్లర లేదన్నవాళ్ళ దగ్గర ఆయన రెండో చరణం కూడా పాడేవాడని చెప్పుకునేవారు.

కచేరీ హైస్కూలు మైదానంలో. చుట్టూ ప్రహరీ, ఒకటే గేటు. కోటవాళ్ళు స్టేజీ మీద. సైన్యానికి స్టేజీ మీద చోటు చాలలేదు. అయ్యవారు, సైన్యం బయట్నుంచి రావడమే న్యాయమని మమ్మల్ని గేటు అవతల గోలీసోడా బండి పక్కన నిలబెట్టారు. జేజి హారతి పాట అయిపోయి కర్పూరం ఆరగానే మేం పాడుకుంటూ జనం మధ్యలోంచి స్టేజీ దాకా నడవాలి. అదీ ఏర్పాటు.

పొద్దు గుంకేసరికి మైదానం నిండింది. చాపలు, దుప్పట్లు, పిల్లలు, గుగ్గిళ్ళ పొట్లాలు. స్టేజీ పక్కన మెరిసే చొక్కాలు వేసుకొని ఆర్కెస్ట్రా వాళ్ళు కుర్చీల్లో కూర్చున్నారు. తమ వంతు ఎంత త్వరగా వస్తుందో తెలిసిన మనుషుల్లా తీరుబడిగా ఉన్నారు. జేజినాయన కొత్త పంచె కట్టుకొని గేటు లోపల కుర్చీ వేయించుకున్నాడు. జనం లేస్తే ముందు తనకే తెలియాలని.

పాట మొదలైంది. అప్పుడు తెలిసింది బేళ్ళు మాకు ఏం చేశాయో. ఇన్నాళ్ళూ బట్టలకు వడ్డించి వడ్డించి పెంచిన గొంతులు ఒక్కసారి ఆరుబయట పడ్డాయి. మొదటి పల్లవికి సోడాబండి మీద కూర్చున్న కాకులు లేచిపోయాయి. జనం మాత్రం లేవలేదు. కోట కట్టే పాటకు కూర్చున్నారు. నీళ్ళు తోడే పాటకు కూర్చున్నారు. ఒక ముసలాయన నిద్రపోయాడు, అయితే కూర్చునే. గేటు కమ్మీల్లోంచి చూస్తే అయ్యవారి వీపు కనిపిస్తోంది. సన్నటి ఆ రెండు చేతులూ లేచినప్పుడు అంతమంది గొంతులు లేస్తున్నాయి, దిగినప్పుడు దిగుతున్నాయి. క్లాసులో మమ్మల్ని ఊరుకోబెట్టలేని మనిషి ఈయనేనని నమ్మడం కష్టం.

తర్వాత హారతి. యుద్ధానికి వెళ్ళే మగవాళ్ళకు కోటలోని ఆడవాళ్ళు హారతి ఇచ్చే ఘట్టం. జేజి పళ్ళెంలో కర్పూరం వెలిగించుకొని ముందుకొచ్చింది. పూజగదీ సరుకు గదీ దాటి ఆమె పాడటం అదే మొదలు.

"పోయి రండయ్యా, మరలి రండయ్యా, మంగళం, శుభ మంగళం..."

అంతే. మైదానమంతా లేచింది.

ఎందుకు లేవదు? భజన అయినా, హరికథ అయినా, పెండ్లి అయినా, మా వైపు మంగళం పాడారంటే అయిపోయినట్టు. చిన్నప్పట్నుంచీ మా కాళ్ళకు నేర్పిన సంగతది, చెవులతో దానికి పని లేదు. అయ్యవారికి తెలియనిదా? జేజికి తెలియనిదా? అందరికీ తెలుసు. కానీ సాధనలో అందరం పాడేవాళ్ళమే, లేచిపోయేవాళ్ళు ఒక్కరూ లేరు. నడిమధ్యలో మంగళం పెట్టుకొని, ఎవ్వరికీ అనుమానం రాకుండా అన్ని రోజులు కషాయం తాగాం.

జనం చాపలు చుడుతున్నారు. పిల్లల్ని చంకన వేసుకుంటున్నారు. "శానా బాగ పాడిరి మ్మే" అని మెచ్చుకుంటూ మరీ వస్తున్నారు. ఆర్కెస్ట్రా ఆయన గిటారు మెడలో వేసుకున్నాడు. జేజినాయన కుర్చీలోంచి లేచాడు. ఆ కోటకు ఇంక ముట్టడి అవసరం లేదని నాకు కూడా అర్థమైంది.

అయ్యవారు వెనక్కి తిరిగారు. మైదానమంతా వీపులు. ఆయన ఆదివారాలన్నీ అట్లా నడిచిపోతున్నాయి. ఒక్క క్షణం చేతులు గాల్లోనే నిలబడ్డాయి. తర్వాత మళ్ళీ జేజి వైపు తిరిగి, వేలితో చిన్నగా సున్నా చుట్టారు. ఇంకోసారి అని. జేజి అదే చరణం మళ్ళీ అందుకుంది. వెళ్ళిపోతున్న వీపులను చూస్తూ, "మరలి రండయ్యా, మరలి రండయ్యా" అని. ఇంకోసారి. మళ్ళీ ఇంకోసారి. కర్పూరం అయిపోతుంటే ఒక టీచరమ్మ ఇంకో బిళ్ళ వేసింది.

బయట మేం ఆ కర్పూరం ఎప్పుడు ఆరుతుందా అని చూస్తున్నాం. అది ఆరడం లేదు. ఈలోపు జనం గేటు దగ్గరికొచ్చేశారు.

"ఏందప్పా ఇది? కోటోళ్ళే బయటికి వస్తాండారు!" అన్నాడు సైన్యంలో ఒకడు.

"ఏం జేద్దాం మామా? కర్పూరం ఇంగా ఆరలేదే" అన్నాడు డప్పు పట్టుకున్నాయన.

కండక్టరు ఒకసారి జనాన్ని చూశాడు, ఒకసారి దూరంగా అయ్యవారి చేతుల్ని చూశాడు. ఆ తర్వాత తనకు బాగా తెలిసిన పని చేశాడు. గేటులో ఒక కాలు పెట్టి, రెండు కమ్మీలూ చేతులతో పట్టుకొని, రోజూ అరిచే అరుపు అరిచాడు.

"యాడికి పోతాండారు? ఊరు ఇంగా రాలేదు! లోపలికి జరగండి! జరగండప్పా లోపలికి! ఓ పెద్దాయనా, తలుపుకాడ నిలబడొద్దు! పిల్లల తల్లి ఎవురు, లోపలికి రామ్మా, లోపల శానా చోటుండాది!"

జనం ఆగారు. ఆగి, జరిగారు. ఒక్కరు కూడా ఎందుకని అడగలేదు. ఏళ్ళ తరబడి ఆ గొంతు జరగమంటే జరిగిన మనుషులు. వెనక్కి, ఇంకా వెనక్కి, ఒకళ్ళ నొకళ్ళు సర్దుకుంటూ. కొందరు అలవాటు కొద్దీ పైన పట్టుకోవడానికి కడ్డీ కోసం చెయ్యెత్తారని చెబితే మీరు నమ్మరు, చెప్పను.

వాళ్ళు జరిగిన సందులోకి కండక్టరు అడుగుపెట్టి పాట ఎత్తుకున్నాడు. "కోట లోపలి దీపమా..." డప్పు పడింది. వెనక మేం గుర్రాలం. నాలుక ఊడిపోయినా సరేనని టకటకమనిపించాను. గుమాస్తా కొడుకు సకిలించాడు, జీవితంలో ఒక్కసారి సరైన చోట. జేజినాయన గేటు దగ్గరే నిలబడిపోయాడు. దండు ఆయన పంచె అంచు మీదుగా సాగిపోయింది.

జనానికి ఎదురుగా గేటులోంచి సైన్యం, వెనక స్టేజీ మీద కర్పూరం వెలుగుతున్న పళ్ళెం పట్టుకొని జేజి. చుట్టుముట్టడమంటే ఏమిటో ఆ మైదానానికి అప్పుడు తెలిసింది. ముందు ఒక ముసలావిడ చాప పరుచుకొని కూలబడింది. తర్వాత అందరూ ఎక్కడివాళ్ళక్కడ కూర్చున్నారు. కూర్చున్నాక తెలిసింది, ఈ పాట తమకు వచ్చని. కాలేజీ పిల్లలు అందుకున్నారు. పాలవాళ్ళు అందుకున్నారు. పల్లవి రెండోసారి వచ్చేసరికి మైదానమంతా పాడుతోంది. అయ్యవారు స్టేజీకి వీపు పెట్టి, జనం వైపు తిరిగి, రెండు చేతులూ పైకెత్తారు.

నేను జేజినాయన వైపు చూశాను. ఆయన నోరు కదలడం లేదు. కళ్ళు స్టేజీ మీద, జేజి మీద ఉన్నాయి. ఆ సాయంత్రం ఊరంతా పాడుతుంటే వింటున్న మనిషి ఆయనొక్కడే.

తర్వాత కోట పడిపోయింది. ఆఖరి పాట అయిపోయింది. అయ్యవారు చేతులు దించి దండం పెట్టారు. చప్పట్లు కూడా అయిపోయాయి. జనం కదలరు.

"అయిపాయనా?" అని ఒకావిడ.

"మంగళం ఎప్పుడో పాడిరి కదా, ఆ తర్వాత ఇంత పాడిరి. ఇంగ ఎప్పుడు అయిపోతాదో ఎవురికి తెలుసు? కూచో మ్మే" అని ఇంకొకావిడ.

గిటారు ఆయన స్టేజీ మెట్ల మీద ఒక కాలు పెట్టి అట్లాగే ఉన్నాడు. చివరికి జేజినాయన మైకు దగ్గరికెళ్ళి, "అయిపోయిందప్పా. నిజంగానే అయిపోయింది" అని ప్రకటించాడు. ఎవరూ నమ్మలేదు. జేజి మళ్ళీ పళ్ళెం వెలిగించి మంగళం పాడాల్సి వచ్చింది. అప్పుడు గానీ ఊరు లేవలేదు.

జనం వెళ్ళిపోతుంటే జేజినాయన అయ్యవారి దగ్గరికొచ్చాడు. అందరం చుట్టూ చేరాం.

"మధ్యలో లేచినారు సామీ" అన్నాడు.

"లేచారు" అన్నారు అయ్యవారు. బేరమాడలేదు. సైకిలు తాళంచెవి వేళ్ళ మధ్య తిప్పుతూ నిలబడ్డారు.

జేజినాయన పంచె అంచు దులుపుకున్నాడు. అది దులిపితే పోయే మరక కాదు. "వచ్చే దసరాకు గుర్రాలను కొంచెం వారగా నడిపించండి. కొత్త పంచె తొక్కినారు" అని వెళ్ళిపోయాడు.

అయ్యవారికి అర్థం కావడానికి కొంచెం టైం పట్టింది. కండక్టరే ఆయన భుజం పట్టి ఊపి చెప్పాడు. "వచ్చే దసరాకు అన్యాడు సామీ! వచ్చే దసరాకు!" అయ్యవారు స్టేజీ మెట్ల మీద కూర్చొని కండువాతో మొహం తుడుచుకున్నారు, చాలాసేపు. చెమట అని అన్నారు. మేమూ అదే అనుకున్నాం.

ఆ రోజు మిగిలిన కొద్దిమందికి ఆర్కెస్ట్రా కూడా పాడింది. బాగానే పాడారట. ఎవరికీ గుర్తు లేదు.

ఆ పాట ఆ తర్వాత చాలా దసరాలు నడిచింది. జమ్మలమడుగు వాళ్ళు పిలిచారు, పులివెందుల వాళ్ళు కూడా చూద్దామనడం మానేసి పిలిచారు. మధ్యలో మంగళం అట్లాగే ఉండిపోయింది. జనం అక్కడ లేవడం, సైన్యం వచ్చి కూర్చోబెట్టడం పాటలో భాగమైపోయింది. లేవకపోతే పాపమనుకునేవాళ్ళు కూడా ఉండేవారు. అదంతా అయ్యవారు ముందే వేసిన ఎత్తేనని ఊరూరా పేరొచ్చింది. ఆయన అవునన్లేదు, కాదన్లేదు. "సైన్యం బాగా వచ్చింది" అనేవారు.

ఇప్పుడు అయ్యవారు లేరు. జేజి, జేజినాయన లేరు. కండక్టరు ఉన్నంతకాలం ఇంట్లోవాళ్ళను కూడా లోపలికి జరగమనేవాడట. మా అంగడి ఉన్న చోట సెల్‌ఫోన్ల షోరూం వచ్చింది. పైన సరుకు గది గోడలు అద్దాలయ్యాయి, అక్కడిప్పుడు మాట్లాడితే మన మాట మనకే తిరిగొస్తుంది. గండికోటకు బస్సుల నిండా జనం వస్తారు, లోయ అంచున నిలబడి ఫొటోలు దిగుతారు. నేను వెళ్ళినప్పుడల్లా గోడ మీద కాసేపు చెయ్యి పెట్టి వస్తాను. రాళ్ళు ఇంతవరకూ ఏమీ అనలేదు. ఆయనంత ఓపిక నాకు లేదు.

పులివెందుల మండపంలో ఆ పెద్దావిడ ఆఖరి చరణానికి వచ్చింది. కళ్ళు ఇంకా మూసుకునే ఉంది. కుర్చీలన్నీ ఖాళీ. తలుపు దగ్గర ఎవరూ అడ్డం నిలబడలేదు, ఎవరూ జరగమని అరవలేదు. నేను శాలువా సర్దుకొని, ఆమె తాళానికి సరిగ్గా, మెల్లగా నాలుకతో టకటకమనిపించాను. ఇన్నేళ్ళయినా జాతి గుర్రం జాతి గుర్రమే.

మనవరాలు తలెత్తింది. "అవ్వా, ఆ చప్పుడు నువ్వేనా?"

తలూపాను.

"ఎట్ల జేస్తాండావ్?"

చేసి చూపించాను. అది ఫోను ఒళ్ళో బోర్లించి ప్రయత్నించింది. మొదట ఉమ్మి వచ్చింది, తర్వాత చప్పుడు వచ్చింది. ఇద్దరం తాళం కలిపాం.

పాట అయిపోయింది. పెద్దావిడ కళ్ళు తెరిచింది. ఎదురుగా రెండు గుర్రాలు కూర్చొని ఉన్నాయి.